మీకు తెలుసా? చెరిపినా తిరిగొచ్చే స్పైవేర్ సంగతులు

కంప్యూటర్ ఆన్ చేయగానే మనం అడగని వెబ్‌సైట్ తెరుచుకుంటుంది. హోమ్ పేజీ మార్చి పెడితే మర్నాటికి మళ్ళీ అదే. తెలియని పేరున్న ప్రోగ్రామ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే పోయినట్టే పోయి, రీస్టార్ట్ కాగానే ప్రత్యక్షం. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: ‘వైరస్ వచ్చింది, ఫార్మాట్ కొట్టించాలి’. కొన్నిసార్లు అంత అవసరం ఉండదు. కొన్నిసార్లు ఫార్మాట్ కొట్టించినా సరిపోదు. రెండింటికీ కారణం ఒకటే. ఇలా చెప్పకుండా చొరబడి నిఘా వేసే స్పైవేర్ బలం దాని ఫైల్‌లో కాదు, అది తిరిగొచ్చే దారిలో ఉంటుంది. ఆ దారుల గురించి, వాటిని మూసే పద్ధతుల గురించి కొన్ని సంగతులు.

ఫైల్ పోయినా పిలుపు మిగులుతుంది

స్పైవేర్ ఫైల్‌ను డిలీట్ చేసి ఊరుకోవడం పొలంలో తుంగను పైపైన పీకడం లాంటిది. గడ్డ లోపలే ఉంటుంది, నాలుగు రోజుల్లో మళ్ళీ మొలుస్తుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు ఏయే ప్రోగ్రాములను లేపాలో రాసి ఉంచే చోట్లు చాలా ఉన్నాయి: రిజిస్ట్రీలోని రన్ కీలు, స్టార్టప్ ఫోల్డర్, సర్వీసులు, టాస్క్ షెడ్యూలర్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు. మొండి స్పైవేర్ వీటిలో రెండు మూడు చోట్ల తన పేరు రాసుకుంటుంది. ఒకచోట తీసేస్తే ఇంకోచోట ఉన్నది మేలుకుని, నెట్ నుంచి కొత్త కాపీ దించుకుంటుంది. అందుకే శుభ్రం చేయడానికి కూర్చున్నప్పుడు ముందు చేయాల్సింది వైఫై ఆపడం, లేదా నెట్ కేబుల్ పీకేయడం. కావాల్సిన టూల్స్ వేరే కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసి దగ్గర పెట్టుకోవాలి.

పసుపు వరుస, గులాబీ వరుస

టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితా ఈ చోట్లలో కొన్నింటినే చూపిస్తుంది. దాదాపు అన్నింటినీ ఒకే తెర మీద పరిచే ఉచిత ప్రోగ్రామ్ ‘ఆటోరన్స్’. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అనే ఇద్దరు నిపుణులు సిస్‌ఇంటర్నల్స్ పేరుతో పంచిపెట్టిన టూల్స్‌లో ఇదొకటి. 2006లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ సంస్థను కొనేసింది. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే దొరుకుతుంది.

తెరవగానే వందల వరుసలు కనబడి గుండె జారుతుంది. ఆప్షన్స్‌లోకి వెళ్ళి మైక్రోసాఫ్ట్ ఎంట్రీలను దాచేస్తే జాబితా చాలా కుదించుకుపోతుంది. మిగిలినవాటిలో పసుపు రంగు వరుస కనిపిస్తే, పిలిచే ఏర్పాటు ఉంది గానీ ఫైల్ ఎప్పుడో పోయిందని అర్థం. గులాబీ రంగైతే, ఆ ఫైల్ ఎవరు తయారుచేశారో చెప్పే డిజిటల్ సంతకం సరిగా లేదని అర్థం. గులాబీ రంగున్నవన్నీ దొంగవి కావు. చిన్న సంస్థల మంచి ప్రోగ్రాములూ అలా కనిపిస్తాయి. తయారీదారు పేరు లేకపోవడం, పేరు అర్థంలేని అక్షరాల గుంపుగా ఉండటం, ఫైల్ టెంప్ ఫోల్డర్ నుంచి గానీ యాప్‌డేటా ఫోల్డర్ నుంచి గానీ నడుస్తుండటం... ఈ మూడూ కలిస్తే మాత్రం అనుమానించాల్సిందే. చూడగానే డిలీట్ కొట్టకండి. ముందు టిక్ తీసి రీస్టార్ట్ చేయండి. ఏదైనా పనిచేయడం మానేస్తే మళ్ళీ టిక్ పెట్టుకోవచ్చు.

అనుమానం ఉన్న ఫైల్‌కు ఉచిత పరీక్ష

ఒక ఫైల్ మంచిదో చెడ్డదో తేల్చుకోలేకపోతే ‘వైరస్‌టోటల్’ సైట్‌లో పెట్టి చూడొచ్చు. పదుల సంఖ్యలో ఉన్న యాంటీవైరస్ ఇంజిన్లు దాన్ని ఒకేసారి పరీక్షించి తీర్పు చెబుతాయి. 2004లో స్పెయిన్‌లో పుట్టిన ఈ సేవను 2012లో గూగుల్ కొనుక్కుంది. ఒక్క ఇంజిన్ మాత్రమే ఎర్రజెండా ఎత్తితే అది పొరపాటు కావచ్చు. ఇరవై ఎత్తితే మాత్రం ఇక ఆలోచించక్కర్లేదు. ఒక జాగ్రత్త: అక్కడ పెట్టిన ఫైల్ భద్రతా సంస్థల చేతికి వెళ్తుంది. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆధార్ కాపీల వంటివి పెట్టకూడదు.

ఒకదాన్ని ఆపితే రెండోది లేపుతుంది

టాస్క్ మేనేజర్‌లో ‘ఎండ్ టాస్క్’ కొట్టిన మరుక్షణమే అదే పేరు మళ్ళీ కనబడుతోందా? అలాంటి స్పైవేర్ జంటగా నడుస్తుంది. ఒకటి ఆగిపోతే రెండోది గమనించి వెంటనే లేపుతుంది. దీనికి రుసినోవిచ్ చెప్పిన ఉపాయం సులువైనదే. చంపకుండా ముందు రెండింటినీ నిద్రపుచ్చాలి. సిస్‌ఇంటర్నల్స్ వాళ్ళదే అయిన ‘ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్’లో రైట్ క్లిక్ చేస్తే ‘సస్పెండ్’ అని ఉంటుంది. సస్పెండ్ అయిన ప్రాసెస్ బతికే ఉంటుంది, పని చేయలేదు. దాంతో రెండోదానికి అనుమానం రాదు. రెండూ ఆగాక ఒక్కొక్కటిగా తీసేయొచ్చు.

సేఫ్ మోడ్‌కు ఎఫ్8 కాలం పోయింది

సేఫ్ మోడ్‌లో విండోస్ తనకు తప్పనిసరైన డ్రైవర్లను, సర్వీసులను మాత్రమే లేపుతుంది. చాలా స్పైవేర్‌లకు అక్కడ పిలుపు అందదు కాబట్టి తీసేయడం తేలిక. పాతరోజుల్లో ఆన్ చేస్తూనే ఎఫ్8 నొక్కితే వచ్చేది. విండోస్ 8 నుంచి ఆ అలవాటు పనికిరావడం లేదు. ఇప్పుడు షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని రీస్టార్ట్ క్లిక్ చేయాలి. నీలి తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాటి మళ్ళీ రీస్టార్ట్ కొట్టి, 4వ నంబర్ నొక్కాలి. కొత్త ల్యాప్‌టాపుల్లో ఈ దారిలో బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందే రాసి పెట్టుకోండి.

నిద్రలో ఉన్న విండోస్‌ను వెతకడం

సేఫ్ మోడ్‌కూ లొంగనివి ఉన్నాయి. 2000ల మధ్యలో ఎంతోమందిని ఏడిపించిన ‘వుండో’ ట్రోజన్ ఏకంగా విండోస్ లాగిన్ ప్రక్రియకే అతుక్కునేది. లాగిన్ కాకుండా సేఫ్ మోడ్‌లోకి కూడా వెళ్ళలేం కదా! ఇలాంటివాటికి మందు, విండోస్ లేవకముందే వెతకడం. ఆ ఏర్పాటు ఇప్పుడు విండోస్‌లోనే ఉంది. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందులో స్కాన్ ఆప్షన్స్, చివరన ‘మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్’. నొక్కగానే కంప్యూటర్ రీస్టార్ట్ అయి, పావుగంట పాటు విండోస్ బయటి నుంచి డిస్క్‌ను గాలిస్తుంది. స్పైవేర్ మేలుకునే లోపే పని అయిపోతుంది. పైసా ఖర్చు లేని ఈ స్కాన్ చాలామంది కంట పడదు. మామూలు ‘క్విక్ స్కాన్’ చేసి ఏమీ లేదని వదిలేసేవాళ్ళే ఎక్కువ.

పాటల సీడీలో రూట్‌కిట్

అన్నింటికన్నా పేరుమోసిన దాగుడుమూతల సాఫ్ట్‌వేర్‌ను నేరస్తులు రాయలేదు. ఓ పెద్ద సంగీత సంస్థ తన సీడీల్లో పెట్టి అమ్మింది. 2005 అక్టోబరు 31న మార్క్ రుసినోవిచ్ ఆ గుట్టు విప్పారు. సోనీ బీఎంజీ అమ్మిన కొన్ని సీడీలను కంప్యూటర్‌లో పెడితే, కాపీ చేయనివ్వని సాఫ్ట్‌వేర్‌తో పాటు దాన్ని కనబడకుండా దాచే రూట్‌కిట్ కూడా దిగేది. ‘సిస్’ అన్న మాటకు అటూ ఇటూ డాలర్ గుర్తు పెట్టి మొదలయ్యే పేరున్న ఏ ఫైల్‌నైనా అది విండోస్ కంటికి కనబడకుండా దాచేది. కొద్దిరోజుల్లోనే వైరస్ రాసేవాళ్ళు తమ ఫైళ్ళకూ అలాంటి పేర్లే పెట్టుకుని ఆ చాటున దాక్కున్నారు.

తర్వాతి సంగతి ఇంకా ఘోరం. దాన్ని తీసేయడానికి సంస్థ ఇచ్చిన అన్‌ఇన్‌స్టాలర్ కొత్తగా మరో కంత తెరిచిందని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కనిపెట్టారు. సీడీలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, కోర్టు కేసులు పడ్డాయి. ‘పేరున్న కంపెనీది కదా’ అన్న ధీమా స్పైవేర్ విషయంలో చెల్లదని తేలిపోయింది.

డచ్ విద్యార్థి చేతిలో కూల్‌వెబ్‌సెర్చ్

2003లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాడేవాళ్ళకు పీడకల ‘కూల్‌వెబ్‌సెర్చ్’. హోమ్ పేజీ లాగేసుకునేది, వెతుకులాటను దారి మళ్ళించేది, పదుల రూపాలు మార్చేది. దాని వెంటపడి ‘సీడబ్ల్యూష్రెడర్’ అనే టూల్ రాసిన వ్యక్తి నెదర్లాండ్స్‌కు చెందిన మెరెయిన్ బెల్లెకోమ్ అనే విద్యార్థి. ఆయనదే మరో టూల్ ‘హైజాక్‌దిస్’. అది దేన్నీ తనంతట తాను మంచిదనీ చెడ్డదనీ చెప్పదు. స్టార్టప్, బ్రౌజర్ సెట్టింగులన్నీ ఒక జాబితాగా రాసిచ్చి ఊరుకుంటుంది, చదవాల్సింది మనిషే. ఆ జాబితాలు చదివి, ఏ వరుస తీసేయాలో ఉచితంగా చెప్పే స్వచ్ఛంద నిపుణులు ప్రపంచమంతా తయారయ్యారు. 2007లో హైజాక్‌దిస్‌ను ట్రెండ్ మైక్రో సంస్థ కొనుక్కుంది.

అమ్మ కంప్యూటర్ పాడైతే పుట్టిన కంపెనీ

ఇంటి కంప్యూటర్లలో ఎక్కువగా వాడే శుభ్రపరిచే టూల్స్‌లో ఒకటి ‘మాల్‌వేర్‌బైట్స్’. పోలండ్ నుంచి అమెరికా వెళ్ళిన కుటుంబంలోని మార్చిన్ క్లెచిన్‌స్కీ పద్నాలుగేళ్ళ వయసులో గేమ్ డౌన్‌లోడ్ చేయబోయి ఇంట్లో కంప్యూటర్‌కు రోగం అంటించాడు. ఉన్న యాంటీవైరస్ చేతులెత్తేసింది. ముక్కూ మొహం తెలియని స్వచ్ఛంద నిపుణుల సాయంతో రోజుల తరబడి కుస్తీ పట్టి బాగుచేసుకున్నాడు. ఆ అనుభవమే 2008లో కంపెనీగా మారింది. ఫ్రాన్స్‌లో పుట్టిన ‘యాడ్‌డబ్ల్యూక్లీనర్’ను కూడా 2016లో ఈ సంస్థ తీసుకుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, డబుల్ క్లిక్ చేస్తే నడుస్తుంది. బ్రౌజర్‌ను పట్టుకుని వేలాడే చెత్తకు అది బాగా పనిచేస్తుంది.

దొంగే పోలీసు వేషంలో

‘మీ కంప్యూటర్‌లో 312 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే కొనండి’ అని అరిచే స్కానర్లలో చాలావాటికి స్కానింగే రాదు. అంకెలన్నీ కల్పితం. ఇలాంటి నకిలీ సాఫ్ట్‌వేర్ అమ్మిన ఒక ముఠా మీద అమెరికా వ్యాపార నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ 2008లో కేసు పెట్టింది. పది లక్షల మందికి పైగా వినియోగదారులు మోసపోయారని తేల్చింది. 2012లో కోర్టు ఒక నిందితురాలు 16.3 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. బ్రౌజర్‌లో కనబడే ఫోన్ నంబర్‌కు ఫోన్ చేయమనేవీ ఇదే కోవ. అసలైన విండోస్ హెచ్చరికలో ఫోన్ నంబర్ ఉండదు.

అది వైరస్ కాదు, మీరిచ్చిన అనుమతే!

తెర కింద కుడిమూలన నిమిషానికోసారి ‘వైరస్ దొరికింది’ అన్న పెట్టె ఎగిరొస్తోందా? ఎన్ని స్కాన్లు చేసినా ఏమీ దొరకడం లేదా? చాలాసార్లు కంప్యూటర్‌లో ఏమీ ఉండదు. ఎప్పుడో ఒక సినిమా సైట్‌లో ‘మీరు రోబో కాదని చూపడానికి అలౌ నొక్కండి’ అంటే నొక్కి ఉంటారు. ఆ ఒక్క క్లిక్‌తో ఆ సైట్‌కు నోటిఫికేషన్లు పంపే హక్కు దక్కింది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్ళి తెలియని సైట్లను తీసేస్తే చాలు, అరుపులు ఆగిపోతాయి. దీనికోసం ఫార్మాట్ కొట్టించి డబ్బులిచ్చినవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు.

మీ ఇంటి కంప్యూటర్‌కు ‘సంస్థ’ ఎక్కడిది?

క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కల మెనూ తెరవండి. అట్టడుగున ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అన్న అర్థంలో ఒక వాక్యం ఉందేమో చూడండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అది సహజం. సొంత కంప్యూటర్‌లో కనిపిస్తే ఆరా తీయాలి. కంపెనీలు తమ ఉద్యోగుల బ్రౌజర్లను అదుపులో పెట్టుకోవడానికి విండోస్ రిజిస్ట్రీలో ‘పాలసీలు’ రాసే వీలుంది. స్పైవేర్ కూడా ఆ వీలునే వాడుకుని ‘ఈ ఎక్స్‌టెన్షన్ తప్పనిసరి’ అని రాసేస్తుంది. దాంతో ఎక్స్‌టెన్షన్ పక్కన తీసేసే బటన్ పనిచేయదు. కొన్ని మంచి యాంటీవైరస్‌లు కూడా పాలసీలు రాస్తాయి కాబట్టి కంగారుపడి కనిపించినదల్లా చెరపకండి. యాడ్‌డబ్ల్యూక్లీనర్ సెట్టింగులలో క్రోమ్ పాలసీలను తుడిచేసే ఏర్పాటు ఉంది.

సింక్ తెచ్చే తంటా

క్రోమ్‌ను తీసేసి మళ్ళీ వేసినా పాడు ఎక్స్‌టెన్షన్ తిరిగొస్తే, దాన్ని తెస్తున్నది చాలావరకు మీ గూగుల్ అకౌంటే. సింక్ ఆన్‌లో ఉంటే ఎక్స్‌టెన్షన్ల జాబితా కూడా అకౌంట్‌లో దాగి ఉంటుంది, లాగిన్ కాగానే దిగుతుంది. ముందు సింక్ ఆపి, ఎక్స్‌టెన్షన్ తీసేసి, క్రోమ్‌ను రీసెట్ చేసి, అప్పుడు సింక్ పెట్టాలి. రీసెట్ చేస్తే బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డులు పోవు.

ఐకాన్ చివర తోక

బ్రౌజర్ తెరిచినప్పుడు మాత్రమే చెత్త సైట్ వస్తుంటే డెస్క్‌టాప్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ గడి చూడండి. క్రోమ్ ప్రోగ్రామ్ పేరు, దాని కొటేషన్ గుర్తు అయిపోయాక ఒక ఖాళీ వదిలి ఏదో వెబ్‌సైట్ చిరునామా కనిపిస్తే, అదీ తోక. ఆ ఐకాన్‌ను తీసేసి కొత్తది పెట్టుకోండి. టాస్క్‌బార్ మీద ఉన్న ఐకాన్‌కూ ఈ పరీక్ష చేయడం మరిచిపోవద్దు.

దొంగలను పట్టుకున్నాక పోలీసులే సర్వర్లు నడిపించారు

వీడియో చూడాలంటే ఈ కోడెక్ కావాలని నమ్మించి దిగిన ‘డీఎన్‌ఎస్‌ఛేంజర్’, సైట్ల చిరునామాలు చెప్పే డీఎన్‌ఎస్ సెట్టింగును మార్చేసేది. మనం ఒక సైట్ కొడితే దొంగ సర్వర్ ఇంకో సైట్ చూపేది. కొన్ని ఇళ్ళలో ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని రౌటర్లలోకీ చొరబడింది. 2011 నవంబరులో ఎస్టోనియాలో ఆరుగురిని పట్టుకునేసరికి వందకు పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్లు దాని గుప్పిట్లో ఉన్నాయి.

అప్పుడొచ్చింది చిక్కు. దొంగ సర్వర్లు ఆపేస్తే ఆ కంప్యూటర్లన్నింటికీ ఇంటర్నెట్ ఆగిపోతుంది. అందుకని కోర్టు అనుమతితో అదే చిరునామాల్లో మంచి సర్వర్లు పెట్టించారు. 2012 జులై 9న వాటిని ఆపేశారు. ఎనిమిది నెలల గడువిచ్చినా అప్పటికి లక్షకు పైగా కంప్యూటర్లు శుభ్రపడలేదు. కంప్యూటర్ శుభ్రం చేసినా ఇంట్లో ఫోన్లు, టీవీ కూడా దారి తప్పుతుంటే రౌటర్‌ను రీసెట్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, డీఎన్‌ఎస్ చూసుకోవాలి.

అన్‌ఇన్‌స్టాల్ చేసినా మిగిలిన సర్టిఫికెట్

2014లో లెనోవో కొన్ని ల్యాప్‌టాపులను ‘సూపర్‌ఫిష్’ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్‌తో సహా అమ్మింది. బ్యాంకు సైట్ల వంటి భద్రమైన పేజీల్లోకి కూడా తొంగిచూడటానికి అది విండోస్‌లో తన సొంత రూట్ సర్టిఫికెట్ పెట్టుకుంది. 2015 ఫిబ్రవరిలో గొడవ బయటపడ్డాక జనం ప్రోగ్రామ్‌ను తీసేశారు. సర్టిఫికెట్ మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని విడిగా వెతికి తీసే టూల్‌ను సంస్థ ఇవ్వాల్సి వచ్చింది. ప్రోగ్రామ్ జాబితాలో పేరు లేకపోవడం, కంప్యూటర్ శుభ్రపడటం వేర్వేరు సంగతులు.

జిరాక్స్ షాపు నుంచి ఇంటికి

మన ఊళ్ళలో చాలా ఇళ్ళకు ఇలాంటివి పెన్ డ్రైవ్ మీదే వస్తాయి. హాల్ టికెట్ ప్రింట్ కోసం జిరాక్స్ షాపులో పెట్టి తెస్తే, ఫోల్డర్లన్నింటి మూలనా చిన్న బాణం గుర్తు. అదే ‘షార్ట్‌కట్ వైరస్’. ఇది పుట్టడానికీ కారణం ఉంది. ఒకప్పుడు పెన్ డ్రైవ్ పెట్టగానే ఆటోరన్ అనే ఏర్పాటుతో వైరస్ దానంతటదే నడిచేది. విండోస్ 7లో మైక్రోసాఫ్ట్ దానికి అడ్డుకట్ట వేసి, 2011లో పాత విండోస్‌లకూ ఆ మార్పు పంపింది. దాంతో వైరస్‌కు మన చేత డబుల్ క్లిక్ చేయించుకోవడం అవసరమైంది. అందుకే మన ఫోల్డర్లను దాచేసి, అదే పేరుతో షార్ట్‌కట్లు పెడుతుంది. క్లిక్ చేస్తే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనకాల స్క్రిప్టూ నడుస్తుంది.

ఫైళ్ళు ఎక్కడికీ పోవు. ఎక్స్‌ప్లోరర్‌లో దాచిన ఫైళ్ళను చూపించమని, సిస్టమ్ ఫైళ్ళను దాచవద్దని సెట్టింగులు మారిస్తే అసలువి మసకగా కనిపిస్తాయి. ముందు పెన్ డ్రైవ్‌ను స్కాన్ చేసి, డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రం తీసుకుని, దాన్ని ఫార్మాట్ చేయండి. కంప్యూటర్ స్టార్టప్‌లో దిగిన స్క్రిప్ట్‌నూ తీసేయకపోతే, తర్వాత పెట్టే ప్రతి పెన్ డ్రైవ్‌కూ అదే గతి.

శుభ్రం చేశాక అసలు పని

స్పైవేర్ పోయింది. అది ఈపాటికే పట్టుకెళ్ళిన పాస్‌వర్డుల మాటేమిటి? బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులను దోచే ‘లమ్మా’ అనే సాఫ్ట్‌వేర్, 2025 మార్చి 16 నుంచి మే 16 వరకు రెండు నెలల్లోనే 3.94 లక్షలకు పైగా విండోస్ కంప్యూటర్లలో కనిపించిందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అందుకే పాస్‌వర్డులు మార్చాలి. అయితే రోగం ఉన్న కంప్యూటర్‌లో కూర్చుని మారిస్తే కొత్తవి కూడా దానికే అప్పజెప్పినట్టు. మీ ఫోన్ నుంచి గానీ శుభ్రమైన మరో కంప్యూటర్ నుంచి గానీ మార్చండి. వరుసలో మొదటిది ఈమెయిల్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి.

పాస్‌వర్డ్ లేకుండానే అకౌంట్‌లోకి చొరబడే దారి కూడా ఉంది. లాగిన్ అయి ఉన్నామని గుర్తుపెట్టుకునే కుకీలను దొంగిలిస్తే ఓటీపీ కూడా అక్కర్లేదు. 2023 మార్చిలో కోటిన్నర మంది చందాదారులున్న ‘లైనస్ టెక్ టిప్స్’ యూట్యూబ్ ఛానల్ ఇలాగే చేజారింది. స్పాన్సర్ పంపిన పీడీఎఫ్ అనుకుని ఒక ఉద్యోగి తెరిచిన ఫైలే దానికి కారణం. కాబట్టి పాస్‌వర్డ్ మార్చాక ‘అన్ని పరికరాల నుంచి లాగౌట్’ కూడా నొక్కాలి.

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టూల్స్

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో ‘సైబర్ స్వచ్ఛతా కేంద్ర’ను మొదలుపెట్టింది. మన దేశపు యాంటీవైరస్ సంస్థలు తయారుచేసిన ఉచిత శుభ్రపరిచే టూల్స్ దాని సైట్‌లో దొరుకుతాయి. పెన్ డ్రైవ్‌లకు కాపలా కాసే ‘యూఎస్‌బీ ప్రతిరోధ్’ కూడా అక్కడే ఉంది. అది ప్రభుత్వ రంగ సి-డాక్ తయారుచేసినది.

సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ కొడితే...

రెండుసార్లు శుభ్రం చేసినా తిరిగొస్తే ఇక వెతకడం మానేసి విండోస్ కొత్తగా వేయడమే మేలు. షాపుల్లో మామూలుగా సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ కొడతారు. డి డ్రైవ్‌లో ‘సాఫ్ట్‌వేర్స్’ అన్న ఫోల్డర్, అందులో ఏళ్ళ నాటి క్రాక్‌లు, కీజెన్‌లు అలాగే ఉంటాయి. విండోస్ వేసిన అరగంటకే వాటిలో ఒకదాన్ని ఇన్‌స్టాల్ చేస్తే మొదటికొచ్చినట్టే. బ్యాకప్‌లో ఫొటోలు, డాక్యుమెంట్లు ఉంచుకుని సెటప్ ఫైళ్ళన్నీ వదిలేయండి. విండోస్ సెట్టింగ్స్‌లోని రీసెట్‌లో ‘అన్నీ తీసేయి’, ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ ఎంచుకోవచ్చు. ఇంకా గట్టిగా కావాలంటే శుభ్రమైన మరో కంప్యూటర్‌లో 8 జీబీ పెన్ డ్రైవ్ మీద ఇన్‌స్టాలర్ తయారుచేసుకోవాలి.

మరో మాట. విండోస్ 8 కాలం నుంచి, కంపెనీ విండోస్‌తో వచ్చే ల్యాప్‌టాపులకు లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే నెట్ కలపగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. అలాంటి మెషిన్‌కు ఎవరైనా ‘యాక్టివేటర్’ వేస్తుంటే వద్దని చెప్పండి. అక్కర్లేని క్రాక్ కోసం డిఫెండర్‌ను ఆపించడమే అందులో జరిగేది.

ఫార్మాట్‌కూ పోనిది

2018లో ఈసెట్ సంస్థ బయటపెట్టిన ‘లోజాక్స్’ డిస్క్‌లో కాక మదర్‌బోర్డు చిప్‌లోని ఫర్మ్‌వేర్‌లో కూర్చుంటుంది. హార్డ్ డిస్క్ మార్చినా పోదు. విచిత్రమేమిటంటే, పోయిన ల్యాప్‌టాప్ జాడ చెప్పే ఒక మంచి సాఫ్ట్‌వేర్‌ను మార్చి దీన్ని తయారుచేశారు. ఫార్మాట్ చేసినా బతకడం ఆ అసలు సాఫ్ట్‌వేర్ గుణమే. అయితే ఇది ప్రభుత్వ కార్యాలయాల మీద గురిపెట్టినది. ఇంటి కంప్యూటర్‌కు ఆ భయం దాదాపు లేదు. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంచితే చాలు.

నిపుణులు కూడా బాగుచేయలేదు, మార్చేశారు

ఇంటింటికీ కంప్యూటర్లు రాకముందే కీలాగర్, అంటే టైప్ చేసేదాన్ని దొంగచాటుగా పట్టుకునే ఏర్పాటు, ఉంది. మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయం, లెనిన్‌గ్రాడ్‌లోని కాన్సులేట్ టైప్‌రైటర్లలో సోవియట్ గూఢచారులు పరికరాలు అమర్చి, కొట్టిన ప్రతి అక్షరాన్నీ తెలుసుకున్నారు. 1984లో ఎక్స్‌రే తీస్తే 16 ఐబీఎం టైప్‌రైటర్ల లోహపు కడ్డీలో అవి బయటపడ్డాయి. అయితే అమెరికా వాళ్ళు అక్కడికక్కడ ఒక్కొక్కటీ విప్పి చూస్తూ కూర్చోలేదు. దాదాపు 11 టన్నుల సామగ్రిని ముందే కొత్తదానితో మార్చేసి, పాతదాన్ని స్వదేశానికి తీసుకెళ్ళి నింపాదిగా పరీక్షించారు.

చట్టం ఏమంటుంది?

మన ఐటీ చట్టం, 2000లోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లో వైరస్, ‘కంటామినెంట్’ చొప్పించడం తప్పు. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం ‘యజమాని అనుమతి’ అంటుందే గానీ బంధువులకు మినహాయింపు ఇవ్వదు. భార్య సొంత ల్యాప్‌టాప్‌లో భర్త రహస్యంగా స్పైవేర్ పెట్టినా అది సరదా కాదు, నేరమయ్యే పని. అలాంటి అనుమానం ఉంటే శుభ్రం చేయడానికి ముందే తెర ఫొటోలు తీసి ఆధారాలు దాచుకోవాలి.

గుర్తుంచుకోవాల్సిన వరుస

నెట్ ఆపండి. డాక్యుమెంట్లు బ్యాకప్ తీయండి. ఆఫ్‌లైన్ స్కాన్ చేయండి. స్టార్టప్ చోట్లు, బ్రౌజర్, రౌటర్ చూడండి. పాస్‌వర్డులు మరో పరికరం నుంచి మార్చండి. మళ్ళీ వస్తే విండోస్ కొత్తగా వేయండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, వేసేటప్పుడు మెషిన్‌కు కుదిరితే 11 వేయించండి. బ్యాంకు ఖాతాలో డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం ఈ వరుసంతా పక్కన పెట్టి, ముందు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.